స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు

తణుకు,
ఆదివారం

చిట్టితల్లీ,

మూతపడుతున్న ఒక టైలరు దుకాణంలో నువ్వు రెండు పాత మిషన్లు బేరమాడావని, కూకట్‌పల్లిలో గది కూడా చూసుకున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. అంతటితో ఆపి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని. "రిపేర్లు కూడా తనే చేసుకుంటుందట అక్కా, మెకానిక్‌కి పైసా ఇవ్వదట" అని నవ్వాడు. దాంతో నా నిద్ర కాస్తా పోయింది. మన ఇంట్లో నా తర్వాత మిషను ముందు కూర్చునేది నువ్వేనని గర్వం ఒక పక్క, నీ వేళ్ళ గురించి దిగులు ఇంకో పక్క. ముప్ఫై ఎనిమిదేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకు. ఆ మిషన్లకు మోటార్లు బిగించి ఉన్నాయట కదా. సూది మార్చాలన్నా, కింది దారం చుట్టిన బాబిన్ తీయాలన్నా, చిక్కుపడిన దారం లాగాలన్నా ముందు ప్లగ్గు పీకు. స్విచ్చి ఆపితే చాలదా అంటావు. చాలదు. పెడల్ మీద నుంచి కాలు తీస్తే చాలదా అంటావు. అది అసలే చాలదు.

డబ్బు చేతిలో పెట్టకముందు బెల్టు తప్పించి చక్రం చేత్తో తిప్పి చూడు. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. సూది బిగించే కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదుపు. వదులుగా ఊగితే లోపల అరిగిపోయిందని అర్థం, ఆ మిషను వద్దు. తర్వాత దారం లేకుండా రూళ్ళ కాగితం పెట్టి గీత వెంట కుట్టు. చిల్లులు సమానమైన ఎడంతో పడితే కింద పళ్ళు గుడ్డను సరిగ్గా లాగుతున్నట్టే. రంగు పోయినా, బంగారు పువ్వుల బొమ్మ చెరిగిపోయినా పట్టించుకోకు. బేరానికి మాత్రం వాడుకో.

నూనె సంగతి నీకు తెలిసిందే, చిల్లుకొక చుక్క. మిషను నూనె తప్ప ఇంకేదీ వద్దు. కొబ్బరినూనె వేసేవాళ్ళను చూశాను. ధనుర్మాసపు చలికి సీసాలో గడ్డకట్టే నూనె మిషను లోపల మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? ఆముదం, వేరుశనగ నూనె ఇంకా అన్యాయం, బంకలా పట్టి కూర్చుంటాయి.

నీకు తరచుగా ఎదురయ్యే జబ్బు ఒకటుంది. కుడుతూ కుడుతూ గుడ్డ తిప్పి చూస్తే అడుగున దారం ఉండలు ఉండలుగా పేరుకుని ఉంటుంది. కింద కనిపించింది కాబట్టి తప్పు కిందే ఉందనుకుని, అందరూ బాబిన్ కేసు మీది చిన్న స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. తప్పు చాలాసార్లు పైన ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం దించి దారం ఎక్కించి ఉంటావు. పాదం ఎత్తితేనే పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు విచ్చుకుంటాయి, దారం వాటి మధ్యకు దిగుతుంది. పాదం దించి ఉంటే దారం అంచు మీదే తేలిపోతుంది, నువ్వు టెన్షన్ మర ఎంత బిగించినా దానికి పట్టు దొరకదు. దారం మొత్తం తీసేసి, పాదం ఎత్తి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించు. పైకీ కిందికీ ఆడే కొక్కెంలోంచి దారం వచ్చిందో లేదో వేలు పెట్టి చూసుకో.

అనుమానం తీరకపోతే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేసి ఒక పాత గుడ్డ మీద కుట్టు. అడుగున ఎరుపు చుక్కలు కనిపిస్తే పై దారం వదులు. పైన తెలుపు కనిపిస్తే పై దారం బిగువు. బాబిన్ కేసును దాని దారంతోనే పట్టుకుని వేలాడదీయి. ఊరికే జారిపోకూడదు, చెయ్యి చిన్నగా ఎగరేస్తే కాస్త దిగి ఆగాలి. అలా ఆగుతుంటే ఆ చిన్న స్క్రూ జోలికి పోకు. అది ఊడి కింద పడితే గది ఊడ్చినా దొరకదు.

చక్రం తిరుగుతుంది కానీ సూది కదలదు అని మా పక్కింటావిడ ఒకసారి మెకానిక్‌ని పిలిపించింది. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రం మధ్యనున్న గుండ్రటి మరను వదులు చేసి, మళ్ళీ బిగించడం మరిచిపోయింది. అతను టీ తాగి, మర బిగించి, యాభై రూపాయలు తీసుకుని వెళ్ళాడు. ఆవిడ ఇప్పటికీ నా ముందు ఆ సంగతి ఎత్తనివ్వదు.

గుడ్డ ముందుకు కదలకపోతే సూది కింది రేకు విప్పి చూడు, పళ్ళ మధ్య దుమ్మూ నూలూ కలిసి అట్టలా ఉంటుంది. బ్రష్షుతో తీయి. నోటితో ఊదకు, ఊపిరి తడికి తుప్పు పడుతుంది. ప్లగ్గు పీకే కదా విప్పుతున్నావు?

ఇక కుట్టు తప్పడం.

1994 వైశాఖం. నా చేతిలో పదకొండు పెళ్ళి జాకెట్లు ఉన్నాయి. అందులో పెళ్ళికూతురిది ధర్మవరం పట్టు, మామిడాకు రంగు. సూదులు అయిపోయాయి. ఎప్పుడూ కొనే కొట్టు మూసి ఉందని ఇంకో కొట్టులో పాకెట్టు తీసుకున్నాను. నంబరు 14 అని చూశాను, అంతే చూశాను. ఇంటికి వచ్చి సూది మార్చి కుట్టడం మొదలుపెట్టాను. నాలుగు కుట్లు పడితే రెండు తప్పుతున్నాయి. టెన్షన్ తిప్పాను. దారం మార్చాను. నూనె వేశాను. బాబిన్ తీసి మళ్ళీ చుట్టాను. అన్నిటినీ అనుమానించాను కానీ, అరగంట కిందట నా చేత్తో నేను మార్చినదాన్ని మాత్రం అనుమానించలేదు. కొత్త సూది కదా, కొత్తదానికి రోగం ఏమిటనుకున్నాను.

అంతకుముందు ఎప్పుడో మెకానిక్ ఎవరితోనో "టైమింగ్ పోయింది" అనగా విన్నాను. ఆ మాట అంటే ఏమిటో తెలియదు, కానీ అనడానికి గొప్పగా ఉంది. ఎడమ పక్క రేకు విప్పి, లోపల సూది కడ్డీని పట్టి ఉంచే స్క్రూ వదులు చేశాను. కడ్డీ జర్రున జారి కిందికి వచ్చేసింది. దాని ఎత్తును నిలిపి ఉంచేది ఆ ఒక్క స్క్రూయేనని నాకు అప్పుడు తెలిసింది. కంటితో అంచనా వేసి ఎక్కడో ఒకచోట బిగించాను. ఆ పట్టునే పాదం కింద ఉంచి తొక్కాను. టక్‌మని శబ్దం వచ్చింది. సూది రెండు ముక్కలై ఒకటి నా చెంప పక్క నుంచి ఎగిరిపోయింది. కింద సూది దారాన్ని అందుకునే షటిల్ కొన బియ్యపు నూకంత విరిగింది. పట్టు మీద పెసరగింజంత చిరుగు పడింది. దేవుడి దయ, అది చంక దగ్గర.

మీ నాన్న ఇంటర్ పరీక్షలు రాసి ఆ సెలవులకు మా ఇంట్లోనే ఉన్నాడు. నేను మిషను మీద తల వాల్చి ఏడుస్తుంటే కాసేపు చూసి, "చేత్తో కుట్టలేవా అక్కా?" అన్నాడు. ఆ రాత్రంతా చేత్తోనే కుట్టాను. చిరుగు దగ్గర లోపల అతుకు వేశాను. కరెంటు పోతే లాంతరు పట్టుకున్నాడు. మూడు సూదులకు వంతులవారీగా దారం ఎక్కించి, నా మోకాలి పక్కన దిండుకు గుచ్చి ఉంచేవాడు. తెల్లవారేసరికి జాకెట్టు అయింది, వాడు దిండు పక్కనే నిద్రపోయాడు. ఈ కథ నీకు చెప్పి ఉండడు. తనకు సూదీ దారం వచ్చని ఎవరికీ తెలియనివ్వడు.

సైకిలు మీద తిరిగే ముసలి మెకానిక్ నాలుగు రోజులకు వచ్చాడు. పెట్టె కూడా తెరవలేదు. "విరిగిన సూది ఏదమ్మా?" అని అడిగాడు. పై ముక్కను రెండు వేళ్ళ మధ్య దొర్లించాడు. "నీ మిషను సూదికి తల దగ్గర ఒక పక్క చదునుగా ఉండాలి. ఇది చుట్టూ గుండ్రం. ఫ్యాక్టరీ మిషన్లకు వేసేది" అన్నాడు. రూపాయి సూదితో పోయేదానికి కొత్త షటిలు, ఆయన కూలి, వారం రోజుల పని పోయాయి. మొత్తం ఎంతయిందో మీ మామయ్యకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అందుకే కుట్టు తప్పితే ముందు నిన్ను నువ్వు అడుగు: కిందటిసారి ఏం మార్చాను? సూది మీ మిషనుదేనా, పైకంటా దూర్చి బిగించావా, పొడుగు గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కిందా చూడు. సూదిని అద్దం మీద పడుకోబెట్టి వెలుతురుకు పెట్టు, కొన దగ్గర సందు తేడాగా ఉంటే వంగినట్టే. కొనను బొటనవేలి గోరు మీద మెల్లగా లాగు, గీత పడితే పారేయి. పల్చటి పట్టుకు 11, లైనింగు జాకెట్టుకు 14, జీన్సు లాంటి మందానికి 16 గానీ 18 గానీ. ఇవన్నీ చూశాక కూడా తప్పితే అప్పుడు మెకానిక్‌ని పిలు. పిలిస్తే నీ పరువు ఏమీ పోదు. ఏ స్క్రూ అయినా విప్పక తప్పకపోతే, ముందు అది ఎక్కడుందో గోళ్ళరంగుతో గీత పెట్టుకుని విప్పు. ఆ ముసలాయన వెళ్తూ వెళ్తూ నాకు నేర్పిన విద్య అది.

నీ చిన్నప్పుడు నా ఎడమ చూపుడు వేలు గోరు మీద గాడి చూసి "ఇదేమిటి అత్తా?" అని అడిగేదానివి. తలుపు సందులో పడిందని చెప్పాను. మీ నాయనమ్మకూ అదే చెప్పాను. తలుపు కాదు. మోటారు పెట్టించుకున్న మొదటి నెలలో, సూది దగ్గర చిక్కు తీస్తూ చూసుకోకుండా పెడల్ మీద కాలు ఆనించాను. సూది గోరులోంచి దిగి లోపలే విరిగింది. నెలన్నర హుక్కులు కుట్టలేకపోయాను. అరిచానా అంటే, లేదు. అరిస్తే ఇంట్లోవాళ్ళు మిషను అమ్మేస్తారని భయం.

రేపు కొరియర్‌లో ఒక డబ్బా పంపుతున్నాను. అందులో నా బ్రష్షు, రెండు స్క్రూడ్రైవర్లు, 11, 14 సూదుల పాకెట్లు, ఒక సీసా నూనె ఉన్నాయి. నూనె సీసాను నిటారుగా పెట్టమని వాళ్ళకు చెప్పాను, వింటారో లేదో. గోళ్ళరంగు నీ దగ్గరే ఉంటుందిగా. మొదటి జాకెట్టు ఎవరిది కుడతావో నాకు రాయి. నాదే కుడతానంటే కొలత జాకెట్టు కూడా అదే డబ్బాలో వేస్తాను, రేపు పదింటిలోగా ఫోను చెయ్యి.

నీ మేనత్త