మూత విప్పి చూశాకే బాటిల్ కొనండి

ప్రశ్న: ప్లాస్టిక్ బాటిళ్లు మానేసి లోహపు నీళ్ల బాటిల్ కొనాలనుకుంటున్నాను. స్టీలు, అల్యూమినియం, రాగి అని రకరకాలు కనిపిస్తున్నాయి. కొన్నింటి అడుగున 304 అనీ, కొన్నింటి మీద 18/8 అనీ ముద్రించి ఉంటోంది. అయస్కాంతం అంటుకుంటే అది నాసిరకం స్టీలేనని స్నేహితురాలు చెప్పింది. నిజమేనా? దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: రోజూ మంచినీళ్లు తాగడానికైతే స్టెయిన్‌లెస్ స్టీలునే తీసుకోండి. 304, 18/8 అనేవి రెండూ దాదాపు ఒకే రకాన్ని సూచిస్తాయి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియమే. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడుతుంది, ఎక్కడైనా గీత పడితే ఆ చోట పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది కనుక అది ఉప్పును మరింత బాగా తట్టుకుంటుంది గానీ, మామూలు నీళ్ల కోసం అంత ఖర్చు అనవసరం. 201 రకంలో నికెల్‌ను తగ్గించి మాంగనీసును పెంచుతారు. తుప్పును తట్టుకోవడంలో అది 304 కంటే వెనకబడే ఉంటుంది.

అయస్కాంతం పరీక్షను నమ్ముకోకండి. 304 రకానికి సహజంగా అయస్కాంతం అంటదన్న మాట నిజమే. అయితే రేకును సాగదీసి, వంచి బాటిల్‌గా మలిచేటప్పుడు లోహం లోపలి అమరిక కొంత మారుతుంది కాబట్టి, మంచి 304 బాటిల్‌కు కూడా మెడ దగ్గరో అంచుల దగ్గరో అయస్కాంతం కొద్దిగా అంటుకోవచ్చు. మరోపక్క, 201 రకానికీ సాధారణంగా అయస్కాంతం అంటదు. అంటే ఈ పరీక్ష మంచిదాన్ని చెడ్డదని చెప్పగలదు, తక్కువ రకాన్ని మంచిదనీ చెప్పగలదు.

అల్యూమినియం బాటిల్ తేలికగా ఉంటుంది. నీళ్లు లోహానికి నేరుగా తగలకుండా దాని లోపల పూత వేస్తారు. సొట్ట పడినప్పుడు, గట్టి బ్రష్‌తో తోమినప్పుడు ఆ పూత చిట్లే అవకాశం ఉంది, చిట్లిన తర్వాత దాన్ని వాడకపోవడమే మేలు. రాగి బాటిల్‌లో మంచినీళ్లు తప్ప మరేమీ పోయకూడదు. పుల్లటి పానీయాల్లోకి రాగి కరుగుతుంది. తాగునీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

లోహం గురించి ఇంత చెప్పినా, బాటిల్ పనికొచ్చేదీ మూలన పడేదీ ఎక్కువగా మూత వల్లనే అని మా అభిప్రాయం. కొనే ముందు మూత విప్పి చూడండి. రబ్బరు రింగు చేతికి ఊడి వస్తుందా, స్ట్రా ఉంటే దానిలోకి సన్నని బ్రష్ వెళ్తుందా, మూత బిగించే మరల మధ్య నీళ్లు నిలిచే సందులు ఉన్నాయా, రింగు పాడైతే విడిగా దొరుకుతుందా అన్నవి చూసుకోండి. బాటిల్ మూతి కడిగే బ్రష్ సులువుగా పట్టేంత వెడల్పుగా ఉండాలి. ఒక్క మీట నొక్కితే తెరుచుకునే మూతలు చూడముచ్చటగానే ఉంటాయి, కానీ వాటి లోపలికి చేరిన తడిని తుడవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: నా దగ్గర రెండు గోడల ఫ్లాస్క్ రకం బాటిల్ ఉంది. కింద పడిన దగ్గర్నుంచి వేడి నీళ్లు పోస్తే పైభాగం కూడా వేడెక్కుతోంది. బాగు చేయించవచ్చా? ఇలాంటి బాటిల్‌ను ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

జవాబు: బాగుచేయడం కుదరదు. రెండు గోడల మధ్య గాలిని తీసేసి శూన్యం కల్పించడం వల్లనే ఇవి పనిచేస్తాయి. ద్రవరూపంలోకి మార్చిన వాయువుల మీద పరిశోధన చేస్తున్న జేమ్స్ డ్యూయర్ 1892లో తయారుచేసిన పాత్రలోనూ ఉన్నది ఈ సూత్రమే. మీ బాటిల్ పడినప్పుడు ఎక్కడో సన్నని పగులు ఏర్పడి లోపలికి గాలి చేరి ఉంటుంది. చల్లటి నీళ్లు పోసినప్పుడు బయట చెమట పట్టినా అదే కారణం. లోపలి గోడ బాగానే ఉంటే దాన్ని మామూలు నీళ్ల బాటిల్‌గా వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కొన్ని ఫ్లాస్కులకు అడుగున శూన్యాన్ని మూసేసే చోట సీసం కలిసిన చిన్న బిళ్ల ఉంటుంది, దాని మీద రేకు మూత ఉంటుంది. దెబ్బకు ఆ రేకు ఊడిపోయి ఉంటే బాటిల్‌ను పక్కన పెట్టేయండి.

ఫ్రీజర్‌లో ఏ లోహపు బాటిల్‌నూ నీళ్లతో పెట్టకండి. నీరు గడ్డ కట్టినప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి అడుగు ఉబ్బుతుంది. కొత్తది కొనేటప్పుడు ఇన్ని గంటలు చల్లగా ఉంటుందన్న అంకెను చూసి మురిసిపోకండి. బాటిల్ సగం ఖాళీ అయ్యాక, మాటిమాటికీ మూత తీస్తున్నప్పుడు ఆ లెక్క నిలవదు. వేడి నీళ్లు పోసే ముందు కాసిని వేడినీళ్లతో ఐదు నిమిషాలు బాటిల్‌ను వెచ్చబెట్టి, వాటిని పారబోస్తే కొంత ప్రయోజనం ఉంటుంది.

ప్రశ్న: రోజూ కడుగుతూనే ఉన్నా స్టీలు బాటిల్ నుంచి వాసన వస్తోంది. లోపల తెల్లటి మచ్చలు, అడుగున ఒకటి రెండు ఎర్రటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. బ్లీచింగ్ వాడవచ్చా?

జవాబు: బ్లీచింగ్ వాడకండి. అందులోని క్లోరిన్ లవణాలు, ఉప్పు కూడా, మేము పైన చెప్పిన క్రోమియం పొరను అక్కడక్కడ తొలిచేసి సూది మొనంత గుంటలు చేస్తాయి. ఇనుప పీచుతోనూ తోమకండి. అది గీతలు పెట్టడమే కాక, దాని ఇనుప రేణువులు లోపల అంటుకుపోయి అవే తుప్పు పడతాయి. మీరు చూస్తున్న ఎర్రటి చుక్కలు అలా వచ్చినవే కావచ్చు.

వాసన స్టీలు నుంచి రావడం అరుదు. రబ్బరు రింగును మొద్దు పుల్లతో పైకి లేపి తీసి చూడండి, దాని వెనక గాడిలో జిగురు పొరో నల్లటి బూజో కనిపిస్తుంది. రింగును, మూతను, స్ట్రాను విడివిడిగా సబ్బునీళ్లతో చిన్న బ్రష్ పెట్టి రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించండి. బాటిల్‌లో గోరువెచ్చని నీళ్లు నింపి, రెండు చెంచాల వంట సోడా కలిపి రాత్రంతా ఉంచితే మిగిలిన వాసన తగ్గుతుంది. రింగు గట్టిపడినా, కడిగినా వాసన పోకపోయినా దాన్ని మార్చడమే మార్గం.

తెల్లటి మచ్చలు కఠిన జలంలోని కాల్షియం పేరుకోవడం వల్ల వచ్చినవి, వాటి వల్ల హాని లేదు. గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గానీ, కొంచెం వెనిగర్ గానీ కలిపి అరగంట ఉంచితే కరిగిపోతాయి. పైపైన ఉన్న ఎర్రటి చుక్కలు కూడా నిమ్మ ఉప్పుకే పోతాయి. వంట సోడాను, వెనిగర్‌ను ఒకేసారి పోస్తే నురగ వస్తుంది కానీ, ఒకదాని గుణాన్ని మరొకటి పోగొట్టడంతో శుభ్రత జరగదు. ఈ పుల్లటి ద్రావణాలు వేటిలోనూ బ్లీచింగ్‌ను ఎన్నడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇంత చేశాక కూడా చుక్క ఉన్నచోట వేలికి గుంట తగులుతుంటే కొత్త బాటిల్ కొనుక్కోండి.

ప్రశ్న: ఇదే బాటిల్‌లో పాలు, పండ్లరసం, సోడా పోసుకోవచ్చా?

జవాబు: పండ్లరసాన్ని స్టీలు బాటిల్‌లో కొన్ని గంటలు ఉంచవచ్చు, ఖాళీ అయిన వెంటనే కడగాలి. పాలు వద్దు, గోరువెచ్చగా ఉన్న పాలలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, ఫ్లాస్క్ ఆ వెచ్చదనాన్ని గంటల తరబడి నిలబెడుతుంది. సోడా పోస్తే లోపల ఒత్తిడి పెరిగి మూత విప్పేటప్పుడు ఎగిరి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, సోడాకు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన బాటిల్‌లో మాత్రమే పోయండి.