అమ్మకు తుంటి విరిగితే కూతురికీ ఎముకలు గుల్లబారతాయా?

అమ్మకు తుంటి విరిగింది, మీకు నెలసరి ఆగి రెండేళ్లయింది, జన్యువుల వల్ల మీకూ ఇదే తప్పదా, జీన్ టెస్ట్ చేయించుకోవాలా అని అడిగారు. ఇదే టెన్షన్ నేనూ పడ్డాను.

మా అమ్మ 72వ ఏట బాత్‌రూమ్ గుమ్మం దగ్గర జారింది. పెద్దగా పడిందీ లేదు, తుంటి మాత్రం విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు అక్కనీ నన్నూ డెక్సా స్కాన్, అంటే ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష, తీయించుకోమన్నారు. అక్కకు 53, నాకు 47. ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకెను టీ స్కోరు అంటారు. తనది మైనస్ 1.4, నాది మైనస్ 2.8! మైనస్ 2.5కి దిగితేనే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఒకే తల్లి పిల్లలం, పైగా చిన్నదాన్ని నేను.

ఆయన చెప్పింది ఇదీ. ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగానికి పైగా వంశపారంపర్యమే. అయితే అది ఒక్క జన్యువు పని కాదు. ఎల్ఆర్‌పీ5, ఈఎస్ఆర్1 లాంటివి వందల కొద్దీ తలా కాస్త పని చేస్తాయి. అమ్మవి మనకు వచ్చేది సగమే, అవీ అక్కకు కొన్ని, నాకు కొన్ని. ఆ వారసత్వం ఎక్కువగా తెలిసేది ముప్పై ఏళ్లలోపు మనం కూడబెట్టుకున్న ఎముకలో. ఆ తర్వాత అది ఎంత త్వరగా కరుగుతుందనేది చాలావరకు ఈస్ట్రోజెన్‌ని బట్టి ఉంటుంది.

అప్పుడు అడిగారు, "గర్భసంచి ఆపరేషన్ ఏమైనా అయిందామ్మా?" అని. అయింది, 39 ఏళ్లకే. ఈస్ట్రోజెన్ తయారయ్యే అండాశయాలు కూడా తీసేశారు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అన్నారే గానీ ఎముకల సంగతి ఒక్కరూ చెప్పలేదు. అక్కకు 50 దాకా నెలసరి వచ్చింది. నేనేమో అప్పటిదాకా అమ్మ పోలికే అనుకుంటున్నాను. మన వైపు ఈ ఆపరేషన్ ఎంత మామూలైపోయిందో మీకు తెలియంది కాదు.

జీన్ టెస్ట్‌కి డబ్బు పోయకండి. ఎముక విరిగే ముప్పు లెక్కగట్టే ఫ్రాక్స్ అనే పద్ధతిలో డాక్టర్లు అడిగేది జన్యువుల పేర్లు కాదు, అమ్మానాన్నల్లో ఎవరికైనా తుంటి విరిగిందా అని. దానికి మీ దగ్గర జవాబు ఉంది. డెక్సా తీయించుకోండి, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. నేను ఎముకల కోసం వారానికో మాత్ర వేసుకుంటున్నాను. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ కూడా అప్పటిదాకా ఆగాల్సిందే.

మీకూ గర్భసంచి తీసి ఉంటే పాత డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాలు ఉంచారో లేదో అందులో రాసి ఉంటుంది, స్కాన్ రిపోర్టుతో పాటు అదీ డాక్టరుకి చూపించండి.