వాన ఒకటే, లెక్కలు రెండెందుకు?

ప్రశ్న: మా మండల వర్షమాపకంలో 22 మి.మీ. నమోదైంది. అదే రోజుకు, ఉపగ్రహాల కొలతలతో నాసా వేసే వాన అంచనా ‘ఐమెర్గ్’ అరగంట ఫైళ్లు దించుకుని కూడితే 70 వచ్చింది. ఏది నమ్మాలి? అసలు ఉపగ్రహ రాడార్ వానను ఎలా కొలుస్తుంది?

జవాబు: ముందు మీ కూడిక సరిచూడండి. ఆ ఫైళ్లలో ఉండేది గంటకు ఇన్ని మి.మీ. అనే వేగం, ఆ అరగంటలో పడ్డ వాన కాదు. 48 అంకెలూ కూడి రెండుతో భాగించాలి. మీ 70 అక్కడికక్కడే 35 అవుతుంది. రెండోది వేళ. మన వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కు మొదలై మర్నాడు 8.30కు ముగుస్తుంది. ఫైళ్లు మాత్రం గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి, వాటి రోజు మనకు ఉదయం 5.30కు మొదలవుతుంది. ఉదయం ఏడింటికి కురిసిన వాన శాఖ లెక్కలో ముగియబోయే రోజులో, ఫైళ్లలో అప్పుడే మొదలైన రోజులో పడిపోతుంది. గ్రీనిచ్ 3.00 నుంచి మర్నాడు 3.00 వరకు తీసుకోండి.

ఇక రాడార్. నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా కలిసి 2014 ఫిబ్రవరిలో పంపిన జీపీఎం ఉపగ్రహం మీద ఇది ఉంది. తరంగం పంపి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి చినుకుల ఎత్తును 250 మీటర్ల పొరలుగా గుర్తిస్తుంది. చిక్కంతా చినుకు సైజులో ఉంది. ప్రతిధ్వని చినుకు వ్యాసపు ఆరో ఘాతంతో పెరుగుతుంది, నీరు మూడో ఘాతంతోనే. 2 మి.మీ. చినుకు ఒక్కటి 1 మి.మీ. చినుకులు 64 ఇచ్చేంత ప్రతిధ్వని ఇస్తుంది, కానీ అందులో నీరు ఎనిమిదింటిదే. ప్రతిధ్వని బలం ఒక్కటే చూస్తే మోసపోతాం. అందుకే 13.6, 35.5 గిగాహెర్ట్జ్ తరంగాలు రెండూ వాడతారు. రెండింటి స్పందనలో తేడా చినుకు సైజును పట్టిస్తుంది.

జోరువానలో తరంగమే బలహీనపడుతుంది. వాన లేనప్పుడు నేల నుంచి వచ్చే ప్రతిధ్వనితో పోల్చి ఆ నష్టాన్ని పూడుస్తారు. సముద్రం మీద ఇది బాగా కుదురుతుంది, నేల మీద అంత కుదరదు. పైగా నేల ప్రతిధ్వని అడ్డొచ్చి చివరి ఒకటి రెండు కిలోమీటర్లు కనబడవు. పడమటి కనుమల్లో తక్కువ ఎత్తు మేఘాలు కురిసే వాన అందుకే తగ్గి కనిపిస్తుంది. కింద గాలి పొడిగా ఉంటే చినుకులు దారిలోనే ఆవిరై, లెక్క ఎక్కువ వస్తుంది.

ఈ రాడార్ మీ మండలం మీదికి రోజూ రాదు, దాని చూపు వెడల్పు సుమారు 250 కి.మీ. మాత్రమే. ఐమెర్గ్‌లో దాని పని, ఇతర ఉపగ్రహాల మైక్రోవేవ్ కొలతలను సరిదిద్దడం. అవీ లేని వేళల్లో మేఘపు పైభాగం చల్లదనాన్ని బట్టి అంచనా వేస్తారు. ఫైల్లో నాణ్యతా సూచిక ఉంటుంది. అది తక్కువగా ఉన్న అరగంటల అంకెలను అంతగా నమ్మకండి.

మీ వర్షమాపకం గరాటు కొలిచేది తన మూతి వెడల్పులో పడ్డ వాననే. ఐమెర్గ్ గడి ఒక్కో వైపు సుమారు 11 కి.మీ. ఉండే చదరం. ఊరికి అటు కుండపోత, ఇటు పొడి అయితే 22, 35 రెండూ నిజమే కావచ్చు. ఆ చోటి వానకు మాపకాన్నే నమ్మండి. చెరువులోకి నీరు దించే ప్రాంతమంతటి లెక్కకు ఐమెర్గ్ వాడండి.

ప్రశ్న: ఏ రకం ఫైలు దించుకోవాలి?

జవాబు: వరద అప్రమత్తతకైతే 4 గంటల్లో వచ్చే ‘ఎర్లీ’, పంటల లెక్కకు 14 గంటలకు వచ్చే ‘లేట్’. ఏళ్ల పోలికకు మాత్రం వర్షమాపకాలతో సరిచేసి, నెలల తర్వాత ఇచ్చే ‘ఫైనల్’ తప్ప వేరేది వద్దు.