పిల్లకోతికి పెద్దకోతి దారెందుకిస్తుంది?

ప్రశ్న: మేడ మీద వడియాలు పెడితే కోతులు దిగుతున్నాయి. ఏడాది నిండని పిల్లకోతి దగ్గరికొస్తే, దానికి రెండింతలున్న ఆడకోతి తినేది వదిలేసి జరిగిపోతోంది. ఎందుకు? కోతి ముందు పళ్ళు ఇకిలించకూడదంటారు మా అత్తగారు. నిజమేనా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆ పిల్ల ధైర్యమంతా పిట్టగోడ మీద కూర్చున్న తల్లిదై ఉంటుంది. మీ వైపు తిరిగే ఎర్రమూతి కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి నాలుగైదేళ్ళకు వేరే గుంపులో చేరతాయి. అందుకే ఆడవాటి హోదా తల్లి నుంచే వస్తుంది. కూతురి స్థానం తల్లికి ఒక మెట్టు కింద. వింతేమిటంటే, పెద్దయ్యాక అక్కచెల్లెళ్ళలో సాధారణంగా చిన్నదే పైన. గొడవొస్తే తల్లి చిన్నదాని పక్షాన ఉరుకుతుంది మరి. (కడగొట్టు పిల్ల గారాబం మన ఇళ్ళకే పరిమితం కాదు.) జపాన్ కోతుల్లో ఈ పద్ధతిని 1958లో కవామురా అనే పరిశోధకుడు రాశారు.

కింది మెట్టు కోతి తినే తీరు గమనించండి. అక్కడ నమలదు. గబగబా బుగ్గల్లో కుక్కుకుని దూరంగా పోయి, చేతి వెనకవైపుతో బుగ్గను నొక్కి ఒక్కో ముద్దే నోట్లోకి తెచ్చుకుంటుంది.

ఏది పై మెట్టో, ఏది కింది మెట్టో తేల్చాలంటే ముందు చెవి చీలిక, తోక వంకర లాంటి గుర్తులతో ఒక్కోదాన్ని పోల్చుకోండి. రోజుకో అరగంట చూస్తూ, రెండే కోతులు ఎదురుపడ్డప్పుడు ఏది తప్పుకుందో రాయండి. మూడోది కలిస్తే ఆ గొడవ లెక్కలోకి వద్దు, అది అరువు బలం. ఏది దేనికి పేలు చూస్తోందన్నదాన్ని బట్టి కూడా తేల్చకండి. కిందివి పైవాటికి ఎక్కువగా చూసినా, తల్లీకూతుళ్ళు ఒకరికొకరు చూసుకుంటూనే ఉంటారు. మేత మాత్రం వెయ్యకండి. తిండి కుప్పగా ఉంటే ఒకటే ఆక్రమిస్తుంది, కొట్లాటలు పెరుగుతాయి. దెబ్బ తిన్నది తనకన్నా కిందిదాని మీద పడుతుంది, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు. పక్కన చిన్నపిల్లలుంటే వాళ్ళకూ ప్రమాదమే.

ఇక మీ అత్తగారి మాట సగం నిజం. మన ముఖం చూసి కోతి బెదిరింపు అనుకోవచ్చు, కానీ చప్పుడు లేకుండా పళ్ళు ఇకిలించడం ఈ కోతుల్లో లొంగుబాటు గుర్తు. నోరు తెరిచి రెప్ప వాల్చకుండా చూడటమే బెదిరింపు. కాబట్టి కళ్ళలోకి చూడకండి, వెన్ను చూపి పరిగెత్తకండి, పక్కకు మెల్లగా తప్పుకోండి. కరిచినా రక్కినా సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి.

ప్రశ్న: మా దగ్గర కొండెంగల్లో ముసలివాటిని చిన్నవి తిండి దగ్గర నెట్టేస్తున్నాయి. పెద్దరికానికి విలువ లేదా?
– ఒక రైతు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఆడ కొండెంగల్లో లెక్క తిరగబడుతుంది. మౌంట్ అబూలో, జోధ్‌పూర్‌లో గమనించిన గుంపుల్లో వయసుకొచ్చిన పడుచువి పైకెక్కాయి, ఏళ్ళు మీదపడేకొద్దీ దిగిపోయాయి. పైగా ఎర్రమూతి కోతికున్నట్టు కొండెంగకు బుగ్గసంచులు లేవు. నెట్టేసిన ముసలిది నోట్లో దాచుకుని పోలేదు, తిన్నంతే దక్కేది.