బెట్టింగ్ యాప్‌లో ఇరుక్కున్న డబ్బు, ఆడేవాడి హక్కులు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ తమ్ముడు వాట్సాప్‌లో వచ్చిన లింకుతో ఒక బెట్టింగ్ యాప్ వేసుకుని డబ్బు కట్టాడు. యాప్‌లో లక్షల్లో గెలిచినట్టు కనిపిస్తోంది, తీసుకుందామంటే ముందు 30 శాతం పన్ను కట్టమంటున్నారు. కట్టాలా? ఇది మొదటిది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఇలా పూర్తిగా నిషేధించే బదులు లైసెన్సులు ఇచ్చి, ఆడేవాళ్లకు వినియోగదారుల హక్కులు కల్పిస్తే మేలు కదా? ఇది రెండోది. మొదటిదానికి టైమ్ లేదు కాబట్టి ముందు దాని సంగతి.

ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకండి. ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిన నికర మొత్తం మీద 30 శాతం టీడీఎస్ అనే మాట నిజమే, 2023 ఏప్రిల్ నుంచి ఉంది. కానీ అది డబ్బు ఇచ్చేవాడు తన దగ్గరే పట్టుకుని, మిగతాది మన చేతిలో పెట్టే పన్ను. గెలిచినవాడి దగ్గర ముందుగా వసూలు చేయడమనేది లేదు. అందులోనూ ఎవరో మనిషి పేరు మీదున్న యూపీఐ ఐడీకి పన్ను పంపడం అసలే ఉండదు. ఇది కడితే రేపు ప్రాసెసింగ్ ఫీజు అంటారు, ఎల్లుండి ఖాతా ఫ్రీజ్ అయింది, విడిపించాలంటారు. ఆ లక్షలు స్క్రీన్ మీది అంకెలు మాత్రమే, వాటి వెనక డబ్బు లేదు.

ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే దాన్ని ఆపించే వీలుంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ అది చేతులు మారిపోతుంది. యాప్‌లోని చాట్లు, బ్యాలెన్స్, ఎవరికి పంపాడో ఆ యూపీఐ ఐడీలు, లావాదేవీ నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే యాప్ తీసేయండి. ప్లే స్టోర్ నుంచి కాకుండా లింకు నుంచి నేరుగా ఏపీకే ఫైల్‌గా వేసుకున్నదైతే మెసేజ్‌లు చదివే పర్మిషన్ కూడా ఇచ్చి ఉండొచ్చు, కాబట్టి బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చేయించండి. ఇంకొకటి తప్పకుండా అడగండి: మొదట్లో నమ్మకం కోసం చిన్న మొత్తాలేమైనా వెనక్కి వచ్చాయా అని. అవి తరచూ వేరే బాధితుల డబ్బే అయి ఉంటాయి. అలాంటిది మీ తమ్ముడి ఖాతాలో పడి ఉంటే ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల ఫిర్యాదుతో అతని ఖాతా కూడా ఆగిపోవచ్చు. బ్యాంకుకు ముందే రాతపూర్వకంగా చెప్పి పెట్టుకుంటే తర్వాత మాట్లాడుకోవడానికి ఆధారం ఉంటుంది.

పోలీసుల దగ్గరికి వెళితే మనమీదే కేసు పెడతారేమో అని భయపడుతున్నారని రాశారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆడేవాళ్లను శిక్షించదు. డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది, వాటికి ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. అయితే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించుకున్న సొంత గేమింగ్ చట్టాల కింద ఆడేవాడి మీద కూడా కేసుకు వీలుంది, అది దాచకూడదు. అందుకే ఫిర్యాదును పందెం ఓడిన కథలా కాకుండా, పన్ను పేరుతో డబ్బు గుంజుతున్న మోసంగా, జరిగింది జరిగినట్టు రాయండి. ధైర్యం చాలకపోతే 15100కి ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను అడగండి.

ఇక రెండో ప్రశ్న. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, ఎందుకంటే ఆంధ్రాలో నిషేధం రాకముందు హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలో కొంతకాలం తెలుగు చాట్ సపోర్ట్‌లో పనిచేశాను. కంపెనీ పేరు చెప్పను. అది దొంగ యాప్ కాదు. ఆఫీసు ఉంది, ఆడిటర్లున్నారు, పన్ను కట్టేది. రమ్మీ నైపుణ్యం ప్రధానమైన ఆట అని 1967లో సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటే ఆ వ్యాపారానికి పునాది. ఆ కేసు కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పోలీసుల దాడితో మొదలైందే. పగలంతా ఆ చట్టబద్ధమైన కంపెనీ వాకిట్లో కూర్చుని నేను చదివిన ఫిర్యాదుల్లో చాలా వాటి సారాంశం ఒకటే: వేసిన డబ్బు వెంటనే పడుతుంది, తీసే డబ్బు మాత్రం రాదు.

ఒక కేసు చెబుతాను. గుంటూరు జిల్లా వైపు నుంచి ఒకాయన, చిన్న వ్యాపారం. నెలల తరబడి డిపాజిట్లు చేస్తున్నాడు, ఫోన్ నంబర్ తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరోజు కాస్త పెద్ద మొత్తం గెలిచి విత్‌డ్రా పెట్టాడు. అప్పుడు కేవైసీ అడిగారు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా. మన తెలుగువాళ్లలో ఇది ఎంతమందికి ఉంటుందో మీకు తెలుసు. పేరు కలవలేదని తిరస్కరించారు. మళ్లీ పంపాడు, ఫొటో మసకగా ఉందని మళ్లీ వెనక్కి. ఇదంతా నడుస్తుండగా ఆయన స్క్రీన్ మీద 'పెండింగ్' అనే మాట పక్కనే ఒక పచ్చ బటన్ ఉంటుంది, విత్‌డ్రా రద్దు చేసి ఆ డబ్బుతో ఇప్పుడే ఆడండి అని. పగలంతా నాతో చాట్‌లో ఉన్న మనిషి రాత్రి ఆ బటన్ నొక్కేశాడు. మర్నాడు వాలెట్ ఖాళీ. ఆయన నుంచి వచ్చిన చివరి మెసేజ్ డబ్బు గురించి కాదు. "నిన్ననే ఇచ్చేసి ఉంటే ఇంటికి పంపేవాణ్ని అండి" అని.

ఆ బటన్ అక్కడ ఊరికే పెట్టింది కాదు. విత్‌డ్రా ఆలస్యమైతే చాలామంది వెనక్కి తీసుకుని ఆడేస్తారని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. బోనస్ కూడా అంతే. వెయ్యి వేస్తే వెయ్యి ఫ్రీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆ ఫ్రీ డబ్బు చేతికి రావాలంటే ఎన్ని రెట్లు ఆడాలో షరతుల పేజీలో ఎక్కడో కింద ఉంటుంది.

ఇప్పుడు బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ జూదం చట్టబద్ధం, 2005 చట్టంతో ఏర్పడిన గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సులు ఇస్తుంది. మన పిల్లలు చాలామంది చదువుకోడానికి వెళ్లే దేశం కాబట్టి వాళ్లకూ ఇది తెలిసి ఉండటం మంచిది. నేను చాట్‌లో చూసిన ఈ రెండు పనుల్నీ అక్కడ పేరుపెట్టి ఆపారు. ముందే అడగగలిగిన గుర్తింపు పత్రాన్ని డబ్బు తీసేటప్పుడు షరతుగా అడగకూడదని 2019 మేలో నిబంధన వచ్చింది. విత్‌డ్రా పెట్టిన డబ్బును వెనక్కి లాగి ఆడించే సదుపాయాన్ని 2021 అక్టోబరు నుంచి శాశ్వతంగా తీసేశారు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం బంద్. ఇక ఆడలేను, నన్ను ఆపండి అనుకునేవాడు గామ్‌స్టాప్‌లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే అక్కడ లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అతన్ని బయటే ఉంచాలి. కంపెనీతో తగవు వస్తే డబ్బు కట్టకుండా వెళ్లగలిగే స్వతంత్ర పరిష్కార సంస్థలు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పందెం ఒప్పందం కోర్టులో చెల్లుతుంది.

మన దగ్గర చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు, పందెంలో గెలిచింది ఇప్పించమని దావా వేయలేం. గుర్రప్పందేల బహుమతులకు మాత్రం చిన్న మినహాయింపు ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 మంచి చట్టమే. 50 లక్షల లోపు జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు, రెండేళ్ల గడువుంది. చట్టబద్ధంగా నడిచిన రోజుల్లో ఒక కంపెనీ మీ డిపాజిట్ తొక్కిపెట్టి ఉంటే సేవాలోపం కింద అడిగే దారి అదే. కానీ మీ తమ్ముడి యాప్ లాంటివాటికి నోటీసు పంపడానికి అడ్రసే ఉండదు.

బ్రిటన్‌ను నెత్తిన పెట్టుకోమని కాదు. 2023 మార్చిలో విలియం హిల్ అనే బెట్టింగ్ కంపెనీల గ్రూపు చేత 1.92 కోట్ల పౌండ్లు కట్టించే చర్య తీసుకున్నప్పుడు బయటపడిన వాటిలో ఒకటి: కొత్తగా ఖాతా తెరిచిన ఒక మనిషి 20 నిమిషాల్లో 23,000 పౌండ్లు ఖర్చు చేస్తుంటే ఎవరూ ఆపలేదు. లైసెన్సున్నా అది జరిగింది. ఆపాల్సిన బాధ్యత కంపెనీదేనని నిబంధనల్లో ఉంది కాబట్టే కమిషన్ వాళ్లను పట్టుకోగలిగింది. మన దగ్గర పట్టుకునేవాళ్లెవరు అనేదే నా బాధ.

మన దగ్గర ప్రయత్నం జరగలేదని కాదు. 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి, డిపాజిట్ ఎలా తీసుకుంటారు, ఎలా తిరిగిస్తారు, గెలుపు ఎలా లెక్కిస్తారు అన్నవి ఆటగాడికి ముందే చెప్పాలని రాశారు. దాన్ని నడపాల్సిన స్వీయ నియంత్రణ సంస్థల్లో ఒక్కదానికీ ఆమోదం రాలేదు, నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. అదే ఏడాది అక్టోబరు నుంచి ప్రతి డిపాజిట్ మొత్తం మీదా 28 శాతం జీఎస్టీ మాత్రం ఠంచనుగా వసూలైంది. పన్ను తీసుకునే కిటికీ తెరిచి, ఫిర్యాదు తీసుకునే కిటికీ మూసి ఉంచడం నాకు అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. తమిళనాడు కాస్త ముందుకెళ్లింది. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 వరకు డబ్బు ఆటలు ఆపాలని, ఆధార్‌తో గుర్తింపు ముందే జరగాలని 2025లో నిబంధనలు తెచ్చింది. వాటిని మద్రాసు హైకోర్టు జూన్‌లో సమర్థించింది. చాట్‌లో కూర్చున్నవాడిగా చెబుతున్నా, ఆ అర్ధరాత్రి నిబంధన రాసినవాళ్లకు ఈ ఆట ఎలా నడుస్తుందో బాగా తెలుసు. పెద్ద నష్టాలన్నీ ఇంట్లోవాళ్లు నిద్రపోయాకే.

ఆ తర్వాత రెండు నెలలకే కేంద్ర నిషేధం వచ్చింది. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేసి, మిగిలిన బ్యాలెన్స్ తీసుకోమన్నాయి. ఆ చట్టాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. నా మటుకు నిషేధాన్ని తప్పుబట్టను. అప్పుల పాలైన ఇళ్లను దగ్గరగా చూసినవాడిని. కానీ నిషేధం కంపెనీకి తలుపు మూసింది కానీ నష్టపోయినవాడికి ఏ తలుపూ తెరవలేదు. విదేశాల్లో కూర్చుని టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు పంపేవాళ్లు పోలేదు, అది మీ తమ్ముడి విషయంలోనే తెలిసిపోయింది. రేపు కోర్టు ఏం చెప్పినా, లైసెన్సులు వచ్చినా రాకపోయినా, నేను అడిగేది ఒకటే: డబ్బు వేయడం ఎంత సులువో తీయడం అంత సులువుగా ఉండాలి. నన్ను ఆపండి అన్నవాడిని ఒకేచోట ఆపాలి. ఫిర్యాదు తీసుకోవడానికి పేరూ అడ్రసూ ఉన్న మనిషి ఉండాలి. నిషేధం ఉన్నా ఇవి కావాలి. మోసపోయినవాడు తనమీద కేసు పడుతుందన్న భయం లేకుండా ఫిర్యాదు చేయగలగాలని మన రెండు రాష్ట్రాల చట్టాల్లో ఒక్క వాక్యం చేర్చినా ఎంతో మేలు.

మీ చేతిలో ఉన్న పని ఇంకొకటుంది. ఆ యాప్ గురించి అతనికి ఏ ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో, యూట్యూబ్ ఛానెల్‌లోనో తెలిసి ఉంటే ఆ ప్రకటన లింకు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. చట్టం నిషేధించిన సేవకు ప్రకటన ఇవ్వడమే తప్పని 2022 నాటి తప్పుదోవ ప్రకటనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద పెట్టిన కేసులు గుర్తుండే ఉంటాయి. అవి కూడా ఎవరో ఒకరు ఫిర్యాదు ఇస్తేనే మొదలయ్యాయి.

మీ తమ్ముణ్ని ఇప్పుడు తిట్టకండి. పోయింది ఎలాగైనా రాబట్టాలన్న కసి మీదే ఆ యాప్ వాళ్లు ఆడుకుంటారు, ఇంట్లో తిట్లు పడితే ఆ కసి ఇంకా పెరుగుతుంది. ఇంకెక్కడైనా లోన్ యాప్‌లో తీసుకున్నాడేమో మెల్లగా అడగండి. నిద్ర పట్టకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉంటే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయించండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 1930 వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకుని, రేపు పొద్దున్నే ఆ నంబరు, స్టేట్‌మెంట్ ప్రింటు పట్టుకుని ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. అక్కడ మీరిచ్చే లెటర్ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.