వైఫై గుర్తు నిండుగానే ఉన్నా వెనక గదిలో నెట్ ఎందుకు ఆగిపోతుంది?

శ్రీకాకుళంలో మేడ ఇల్లు, హాల్లో రౌటర్, వెనక గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ ఆగిపోతోందని ఒకరు అడిగారు.

ముందు తప్పు బయటి లైనుదా, ఇంట్లో వైఫైదా తేల్చుకోండి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంటే సిగ్నల్ ఇంటిదాకా రావట్లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు. మన వైపు గాలివానకి కొబ్బరి మట్ట పడినా వైరు తెగుతుంది. పెట్టె వెనక సన్నటి వైరు మడత పడిందేమో చూసి ఆపరేటర్‌కి ఫోన్ చేయండి. వైరు ఊడితే దాని కొనలోకి మాత్రం చూడకండి. ఆ లేజర్ కంటికి కనపడదు, హాని చేయొచ్చు.

ఎర్ర లైటు లేకపోతే రౌటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ చూడండి. అక్కడ బాగుండి గదిలో పడిపోతే అడ్డం గోడలే. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఇస్తాయి. వాటిలో 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే బలం తక్కువ. వెనక గదిలో 2.4కి మారండి. రౌటర్‌ని టీవీ వెనక నుంచి, ఇనుప బీరువా పక్క నుంచి తీసి ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టండి. పైసా ఖర్చు లేని ఈ పని అన్నిటికంటే ముందు చేయాలి.

సాయంత్రాలే నెమ్మదిస్తుంటే పక్కిళ్ల రౌటర్లు కూడా అదే ఛానెల్‌లో (వైఫై సిగ్నల్ నడిచే దారిలో) ఉండొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కి 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

అప్పటికీ అందకపోతే చవక బూస్టర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె) వద్దు, అది వేగాన్ని సగం దాకా తినేస్తుంది. లాన్ కేబుల్ లాగించి వెనక గదిలో రెండో రౌటర్ పెట్టించండి.