దారి పొడుగునా ట్రైలర్లో జనరేటర్ నడపొచ్చా?

ప్రశ్న: అన్నా, నిరుడే లాస్ ఏంజెలెస్ వచ్చాం. ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే ఇల్లు లాంటి బండి) కొన్నాం, 24 అడుగులది. జూలైలో పిల్లలతో గ్రాండ్ కాన్యన్ బయల్దేరుతున్నాం. దారిలో మొహావీ ఎడారి దాటాలి. ట్రక్కుతో లాగుతున్నంతసేపూ జనరేటర్ ఆన్‌లో ఉంచితే ట్రైలర్లో ఏసీ, ఫ్రిజ్ రెండూ నడుస్తాయి కదా? దాన్ని ట్రైలర్ ముందు టంగ్ (ట్రక్కుకు తగిలించే కొక్కెం వైపు ఇనప కమ్మీ) మీద బిగించాలా, ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో పెట్టాలా?

జవాబు: తమ్ముడూ, ఎక్కడ బిగించాలని అడిగావు. నేనైతే ఎక్కడా వద్దంటాను. బండి కదులుతున్నప్పుడు ఆ ట్రైలర్లో ఎవరుంటారో ముందు చెప్పు. ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. ట్రావెల్ ట్రైలర్లో మనుషుల్ని కూర్చోబెట్టి లాగడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, కాలిఫోర్నియాలోనూ అంతే. పిల్లలు వెనక మంచం మీద పడుకుంటారులే అన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే తీసెయ్. మరి అన్ని గంటలపాటు పెట్రోలు తగలేసి నువ్వు చల్లబరిచేది ఎవర్ని? ఖాళీ పరుపుల్ని.

చేరేసరికి లోపల చల్లగా ఉండాలనే కదా నీ తాపత్రయం. ట్రైలర్ చిన్న పెట్టె. చేరాక ఏసీ వేస్తే అర గంటలో, మరీ మండిపోతుంటే గంటలో దారికొస్తుంది. ఆ గంటసేపు పిల్లల్ని చెట్టు కింద ఆడుకోనివ్వు. దానికోసం దారంతా జనరేటర్ మోయడం ఎందుకు?

నేనూ మోశాను కాబట్టే చెబుతున్నా. ట్రైలర్ కొన్న మొదటి ఏడాది, టంగ్ మీద ఒక ఇనప ట్రే పెట్టించి, జనరేటర్‌ను పట్టీలతో బిగించి, కేబుల్‌ను ట్రైలర్ పక్కనున్న ప్లగ్గులో పెట్టి మహా గర్వంగా బయల్దేరాను. కాలిఫోర్నియా సరిహద్దు ఊరు నీడిల్స్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. మా అమ్మాయి బాత్‌రూమ్ కోసం ట్రైలర్ తలుపు తీసుకుని లోపలికెళ్ళింది. నిమిషం కాలేదు, "నాన్నా, లోపల ఏదో అరుస్తోంది" అంది. వెళ్ళి విన్నాను. నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను ముందు. గోడ మీది అలారం దగ్గరికెళ్ళి చూస్తే ఎర్ర లైటు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. పిల్లను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఎదురుగాలికి జనరేటర్ పొగ మొత్తం ట్రైలర్ ముందు గోడకే కొడుతోంది. కింద వైర్లూ పైపులూ వెళ్ళే కన్నాల్లోంచి, కిటికీ సందుల్లోంచి లోపలికి చేరింది. లోపల ఏసీ మాత్రం భేషుగ్గా చల్లగా ఉంది! పిల్లకేమీ కాలేదు. ఆ సాయంత్రమే ట్రే విప్పేశాను.

ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఇక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెప్పేది పోర్టబుల్ జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ ఇంటికి దూరంగా పోయేలా పెట్టమని. టంగ్ మీద పెడితే ట్రైలర్‌కు మూడడుగులు, ట్రక్కు వెనక అద్దానికి ఇంకో పదడుగులు. హైవే మీద గాలికి పోతుందిలే అనుకుంటాం. ట్రాఫిక్ జామ్‌లో ఇరవై నిమిషాలు నిలబడితే గాలి ఎటు వీస్తుందో మన చేతుల్లో ఉండదు.

ట్రక్కు బెడ్ మాటకొస్తే, పైన కవర్ ఉంటే అసలే కుదరదు. జనరేటర్‌కు చల్లగాలి ఆడక కాగిపోతుంది, పక్కనే పెట్రోలు. కవర్ లేకపోయినా క్యాబ్ వెనక జరిపే కిటికీ ఉన్న ట్రక్కులుంటాయి చూడు, వాటిలో పొగ ముందు సీట్లోకే వస్తుంది. ట్రైలర్ వెనక బంపర్ సంగతైతే చెప్పక్కర్లేదు. అది మురుగు పైపు దాచుకోవడానికి పెట్టిన డొల్ల రేకు. దాని మీద బరువు వేలాడదీస్తే గతుకుల్లో వెల్డింగు ఊడొస్తుంది.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. టంగ్ మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. నీది నిండా సర్దాక 6,000 పౌండ్లనుకుంటే 600 నుంచి 900 పౌండ్లు. ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ ఇప్పటికే అక్కడున్నాయి. ఏసీని లాగగల జనరేటర్ వంద పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. ట్రక్కు ఎంత బరువు మోయగలదో దాని తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద చూశాకే ఏదైనా పెట్టు.

ఇక జనరేటర్ కూడా కుదుపులకు పుట్టింది కాదు. సమంగా ఉన్న నేల మీద పెట్టి నడపమంటాయి మాన్యువళ్ళు. లోపల ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. గతుకుల్లో ఆయిల్ అటూ ఇటూ తొణికితే ఆయిల్ నిండుగా ఉన్నా అది ఇంజిన్‌ను ఆపేస్తుంది. నువ్వు ముందు సీట్లో పాటలు వింటుంటావు, అది ఎప్పుడాగిందో నీకు తెలీదు. పెట్రోలు బంకులోకి నడుస్తున్న జనరేటర్‌తో వెళ్ళడం మరీ తప్పు. ఇంజిన్ ఆపమని పంపు మీద రాసుంటుంది, అది జనరేటర్ ఇంజిన్‌కూ వర్తిస్తుంది.

"మా ఆఫీసులో ఒకాయన మోటార్‌హోమ్‌లో నడుపుతాడుగా" అంటావేమో. నిజమే, అది వేరు, సొంత ఇంజినుతో నడిచే ఇల్లు లాంటి బండి. మోటార్‌హోముల్లో, కొన్ని టాయ్ హాలర్లలో (వెనక బైకులు మోసుకెళ్ళే ట్రైలర్లలో) జనరేటర్‌ను కంపెనీయే ఫ్రేములో కూర్చోబెడుతుంది. పొగ గొట్టం, పెట్రోలు లైను, గాలి ఆడే చోటు అన్నీ ప్రయాణంలో నడపడానికి తయారుచేసినవే. మోటార్‌హోమ్‌లో మనుషులు బెల్టు పెట్టుకుని కూర్చుంటారు కూడా. ఆయన్ని చూసి మనం తాళ్ళతో కట్టుకోకూడదు.

ట్రక్కు నుంచి వచ్చే ఏడు పిన్నుల ప్లగ్గుతో ఏసీ నడుస్తుందా అని ఇంకొంతమంది అడుగుతుంటారు. లెక్క చూడు. 13,500 బీటీయూ సామర్థ్యమున్న ఏసీకి నడుస్తున్నప్పుడే 1,500 వాట్ల దాకా కావాలి. 12 వోల్టుల్లో అది 125 ఆంప్స్. ఆ సన్నటి తీగలో చివరికి ట్రైలర్ బ్యాటరీకి చేరేది చాలా బళ్ళలో పది ఆంప్స్ లోపే. కాబట్టి ఆ ఊసే వద్దు.

ఫ్రిజ్ ప్రశ్న మాత్రం సరైనది. నిజంగా దారిలో నడవాల్సింది అదొక్కటే. నీది ఏ రకమో ముందు చూసుకో. ప్రొపేన్ మంటతోనూ కరెంటుతోనూ నడిచే పాత రకమైతే, బయల్దేరడానికి ఒక రోజు ముందే కరెంటుకు పెట్టి, అది చల్లబడ్డాకే, ముందే చల్లబరిచిన సామాను లోపల సర్దు. తలుపు తీయకపోతే కరెంటు లేని ఫ్రిజ్ నాలుగు గంటలు ఆగుతుందని ఇక్కడి వ్యవసాయ శాఖ లెక్క. రెండు ఐస్ ప్యాకులు కూడా పెట్టుకో. ప్రొపేన్ మీద నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళు బోలెడంత మంది. నేను సిలిండర్ వాల్వ్ కట్టేసే బయల్దేరతాను, నా పిరికితనం అనుకో. నువ్వు నడపదలిస్తే బంకులోకి తిరిగే ముందు ఫ్రిజ్ మంట ఆర్పడం మర్చిపోకు.  

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే ఇంకా సుఖం. బ్యాటరీ మీదే నడుస్తుంది. మంచి లిథియం బ్యాటరీ, ట్రక్కు నుంచి దాన్ని సరిగా నింపే డీసీ-డీసీ చార్జర్, పైకప్పు మీద ఒక సోలార్ ప్యానెల్ ఉంటే దారిలో దాని గురించి మర్చిపోవచ్చు. జనరేటర్ ట్రేకి, కేబుళ్ళకి పెట్టే డబ్బు ఇటు పెట్టు.

జనరేటర్ కొనొద్దని కాదు. కొను, ఆగిన చోట వాడు. 2,200 అని పెట్టె మీద రాసుండే చిన్న ఇన్వర్టర్ జనరేటర్ నిలకడగా ఇచ్చేది 1,800 వాట్లే. ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగేది అంతకు చాలా ఎక్కువ. కాబట్టి ఆ మొదటి ఊపును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్‌ను ఏసీకి పెట్టించు, లేదా పెద్ద జనరేటర్ తీసుకో. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు మూడు, మూడున్నర శాతం శక్తి తగ్గుతుంది. కాన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్, దాదాపు 7,000 అడుగులు. అక్కడ ఆ 1,800 కాస్తా 1,360 దగ్గర ఆగిపోతుంది. అదృష్టం కొద్దీ ఆ ఎత్తులో రాత్రిళ్ళు ఏసీ అక్కర్లేదు, దుప్పటి కావాలి. ఇంకొకటి, సర్జ్ ప్రొటెక్టర్ వాడుతుంటే చిన్న జనరేటర్ పెట్టగానే తప్పు చూపించి కరెంటు రానివ్వకపోవచ్చు. జనరేటర్లో న్యూట్రల్, ఎర్త్ కలిపి ఉండకపోవడమే దానికి కారణం. వాటిని కలిపే చిన్న ప్లగ్గు దొరుకుతుంది. నేను మొదటిసారి జనరేటరే పాడైందనుకుని సగం రోజు పోగొట్టుకున్నాను.

ఎడారి దాటడానికి నా సలహా: తెల్లారకముందే బయల్దేరు. ఒకే రోజులో లాగెయ్యాలని చూడకు, హుక్‌అప్ (ట్రైలర్‌కు కరెంటు, నీళ్ళు తగిలించుకునే సౌకర్యం) ఉన్న చోట ఒక రాత్రి ఆగు. నీడిల్స్ కన్నా అరిజోనాలోని కింగ్మన్ నయం, ఎత్తు 3,300 అడుగులు కాబట్టి కాస్త వేడి తక్కువ. చేరగానే కరెంటు తగిలించి, కిటికీలు ఐదు నిమిషాలు తెరిచి వేడి పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వెయ్యి. కాన్యన్‌లో కరెంటు కావాలంటే ట్రైలర్ విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో బుక్ చేసుకో, మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుక్‌అప్‌లు లేవు.

అన్నట్టు, సెకండ్ హ్యాండ్ అన్నావుగా. బయల్దేరేముందు గోడ మీది కార్బన్ మోనాక్సైడ్ అలారం ఊడదీసి వెనక తేదీ చూడు. చాలావాటి ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్ళే, కొత్త రకాల్లో కొన్నింటికి పదేళ్ళు. బటన్ నొక్కితే బీప్ వచ్చినా సరే, తేదీ దాటితే కొత్తది పెట్టు.